నగరాన్ని బొమ్మల్లో దాచిన బెలొట్టో

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. మన బడి గురించి, మన మాస్టర్ల గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. అందుకని నేను వేరే మనిషి గురించి రాస్తానన్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా డ్రాఫ్ట్స్‌మన్‌గా డ్రాయింగ్ బోర్డు ముందు పనిచేసినవాణ్ణి. కట్టబోయే భవనాలకు ప్లాన్లు గీయడం మా పని. అప్పటికే ఉన్న భవనాన్ని కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీసి భద్రపరిచే పని మా బల్ల మీదికి చాలా అరుదుగా వచ్చేది. వచ్చినా దాన్ని ఎవరూ పెద్ద పనిగా చూసేవాళ్ళు కాదు. బహుశా అందుకే, జీవితమంతా ఆ పని మీదే గడిపిన ఒక ఇటలీ చిత్రకారుడి కథ నన్ను పట్టుకుని వదల్లేదు. ఆయన పేరు బెర్నార్డో బెలొట్టో. ఆయన పోయాక 160 ఏళ్ళకు పైగా గడిచిన తర్వాత, నేలమట్టమైన ఒక రాజధానిని తిరిగి కట్టుకోవడానికి ఆయన గీసిన బొమ్మలు ఆధారమయ్యాయి. ఎంతో పేరున్న చిత్రకారులకు కూడా దక్కని గౌరవం అది.

బెలొట్టో 1720ల మొదట్లో వెనిస్ నగరంలో పుట్టాడు. ఆయన తల్లి ఫియొరెంజాకు అన్న జొవాన్ని ఆంటోనియో కనాల్. లోకం ఆయన్ని కానలెట్టో అని పిలిచింది. కానలెట్టో అంటే చిన్న కనాల్ అని అర్థం. నాటకాలకు తెరలు గీసే తండ్రి పెద్ద కనాల్ అయితే, కొడుకు చిన్న కనాల్ అయ్యాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ధనవంతుల పిల్లలు ఇటలీ చూడటానికి గుంపులుగా వచ్చేవాళ్ళు. తిరిగి వెళ్ళేటప్పుడు వెనిస్ కాలువల, మేడల, చర్చిల చిత్రాలు కొనుక్కుపోయేవాళ్ళు. మనం తీర్థయాత్రకు వెళ్ళి గుడి పటం తెచ్చుకున్నట్టే, కాకపోతే వాళ్ళు కొన్నవి చాలా ఖరీదైన తైలవర్ణ చిత్రాలు. ఇలా నగరాన్ని చూపించే చిత్రాన్ని ఇటలీవాళ్ళు వెదూత అంటారు. ఆ కాలంలో వెనిస్ వెదూతలకు కానలెట్టోను మించిన పేరు లేదు.

మన బెర్నార్డో పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఆ మేనమామ దగ్గరే పనిలో చేరాడు. మేనమామ పోలిక అని మనవాళ్ళు ముక్కు గురించో నడక గురించో అంటారు. ఈ కుర్రవాడికి ఆ పోలిక చేతికి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన గీసినవాటిలో ఏది మామది, ఏది మేనల్లుడిది అని తేల్చడానికి పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. 1738 నాటికే ఆయన పేరు వెనిస్ చిత్రకారుల సంఘం పుస్తకాలకెక్కింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళయినా నిండలేదు.

ఆ పని ఎలా చేసేవారో ఒక మాట చెప్పాలి. ఫిజికల్ సైన్స్ క్లాసులో అట్టపెట్టెకు ఒక వైపు సూదితో బెజ్జం పెట్టి, రెండో వైపు నూనె కాగితం అంటించి, సూదిబెజ్జం కెమెరా చేయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కాగితం మీద కిటికీ, చెట్టు తలకిందులుగా పడేవి. దాదాపు అదే సూత్రంతో, బెజ్జం స్థానంలో కటకం, లోపల అద్దం అమర్చిన చీకటి పెట్టెను ఆ కాలపు చిత్రకారులు వాడేవారు. ఎదురుగా ఉన్న వీధి గాజు పలక మీద పడుతుంది. దాని మీద కాగితం వేసి గీతలు దిద్దుకోవచ్చు. కానలెట్టో, బెలొట్టో ఇద్దరూ దీన్ని వాడారు. అయితే పెట్టె ఇచ్చేది గీతలే. ఒక్కో చోటి నుంచి కొంత కొంత గీసుకుని, ఇంటికి తెచ్చి, వాటిని కలిపి, పర్‌స్పెక్టివ్ లెక్కలతో సరిచేసి, పెద్ద కాన్వాసు మీదికి ఎక్కించాలి. ఆ కలిపే పని ఎంత కష్టమో డ్రాయింగ్ బోర్డు ముందు పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది.

1740ల్లో బెలొట్టో ఇటలీ అంతా తిరిగాడు. ఫ్లోరెన్స్, లుక్కా, రోమ్, మిలాన్, ట్యూరిన్, వెరోనా వెళ్ళి ప్రతిచోటా గీశాడు. ఈ తిరుగుళ్ళలోనే ఆయన చెయ్యి మామ చేతి నుంచి విడివడింది. కానలెట్టో చిత్రాల్లో ఎండ బంగారంలా పరుచుకుని ఉంటుంది. బెలొట్టో వెలుగు చల్లగా, కాస్త వెండిరంగులో ఉంటుంది. నీడలు నల్లగా, బరువుగా పడతాయి. గోడ మీద ఊడిన సున్నం, తడిసి నల్లబడిన రాయి, నీళ్ళలో వణుకుతున్న ఇంటి నీడ, వీటిలో దేన్నీ ఆయన వదిలిపెట్టడు. సున్నం ఊడిన చోటును కూడా అంత శ్రద్ధగా గీయడం చూశాకే నాకు ఆయన మీద గౌరవం పుట్టింది.

ఈలోగా ఐరోపాలో ఆస్ట్రియా వారసత్వ యుద్ధం ముదిరింది. ఇంగ్లండు యాత్రికుల రాక తగ్గడంతో వెనిస్‌లో చిత్రాల వ్యాపారం పడిపోయింది. కొనేవాళ్ళు రాకపోతే తానే వాళ్ళ దగ్గరకు వెళ్దామని 1746లో మేనమామ లండన్ చేరాడు. మరుసటి ఏడాది మేనల్లుడు భార్యను, చిన్న కొడుకు లొరెంజోను వెంటబెట్టుకుని ఆల్ప్స్ పర్వతాలు దాటి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన బతుకంతా ఉత్తర దేశాల్లోనే గడిచింది.

డ్రెస్డెన్ సాక్సనీ రాజధాని. అక్కడి పాలకుడు మూడో ఆగస్టస్ పోలండుకు కూడా రాజు. చిత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. రాఫెల్ గీసిన ప్రసిద్ధమైన సిస్టీన్ మడోన్నా చిత్రాన్ని ఇటలీ నుంచి కొని తెప్పించింది ఆయనే. 1748లో బెలొట్టోను ఆస్థాన చిత్రకారుడిగా నియమించి, ఏడాదికి 1750 థాలర్ల జీతం ఇచ్చాడు. ఆ ఆస్థానంలో ఏ చిత్రకారుడికీ అంతకు ముందు అంత జీతం లేదు. ఆ జీతానికి తగ్గట్టే బెలొట్టో డ్రెస్డెన్ దృశ్యాలు 14, పక్కనే ఉన్న పిర్నా అనే చిన్న ఊరి దృశ్యాలు 11 గీశాడు. ఒక్కొక్కటి దాదాపు ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగులకు పైగా ఎత్తు. రాజుగారి ప్రధానమంత్రి బ్రూల్ ప్రభువు తనకూ అలాంటివే కావాలంటే మరో వరుస గీశాడు. రాగిరేకుల మీద చెక్కి ముద్రలు కూడా వేశాడు.

వీటిలో 1748 నాటి చిత్రం ఒకటి లోకమంతా తెలిసినది. ఎల్బే నది కుడి గట్టున నిలబడి అవతలి గట్టును చూస్తున్నట్టు ఉంటుంది. రాతి వంతెన, ఎడమవైపు ఫ్రావెన్‌కిర్చ చర్చి గుండ్రటి గుమ్మటం, నీళ్ళలో వాటి నీడలు కనిపిస్తాయి. ముందు భాగంలో గట్టు మీద కూర్చుని కాగితం మీద గీసుకుంటున్న మనిషి ఒకడున్నాడు. అది బెలొట్టోయే. డ్రెస్డెన్‌వాళ్ళు ఇప్పటికీ ఆ చోటిని కానలెట్టో చూపు అని పిలుచుకుంటారు.

ఇక్కడ పేరు గురించి చెప్పాలి. బెలొట్టో తన సొంత పేరు పక్కన కానలెట్టో అని చేర్చి సంతకం చేసేవాడు. పేరున్న మామ పేరు చెబితే ఆస్థానాల్లో తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. ఆ తప్పును నేను పట్టుకోను. భార్యాపిల్లలతో పరాయి దేశంలో బతుకుతున్నవాడికి అది అవసరం. కానీ దాని ఫలితం ఆయన పోయాక కూడా ఆయన్ని వెంటాడింది. జర్మనీలో, పోలండులో జనం ఆయన్ని కానలెట్టో అనే పిలుస్తారు. మిగతా ప్రపంచానికి కానలెట్టో అంటే మేనమామే. ఇద్దరి మధ్య బెలొట్టో అనే అసలు పేరు చాలాకాలం మరుగున పడింది.

1756లో ఏడేళ్ళ యుద్ధం మొదలైంది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ సైన్యం సాక్సనీని ఆక్రమించింది. రాజు పోలండుకు వెళ్ళిపోయాడు. జీతాలు ఇచ్చే నాథుడు లేడు. బెలొట్టో 1758 చివర్లో డ్రెస్డెన్ వదిలి వియన్నా చేరాడు. మహారాణి మరియా థెరీసా కోసం అక్కడి వీధులు, రాజభవనాలు 13 చిత్రాల్లో గీశాడు. అందులో బెల్వెడేర్ మేడ మీది నుంచి కనబడే వియన్నా ఒకటి. పాత నగరానికి దగ్గరలో పెద్ద పెద్ద టవర్లు కట్టవచ్చా అని ఆ నగరంలో ఈ మధ్య గొడవ జరిగినప్పుడు, వద్దన్నవాళ్ళు ఆ చిత్రాన్నే ముందు పెట్టి, ఈ చూపును చెడగొట్టవద్దని వాదించారు.

ఆయన వియన్నాలో ఉండగా, 1760 జులైలో ఫ్రెడరిక్ ఫిరంగులు డ్రెస్డెన్ మీద గుండ్లు కురిపించాయి. ఊళ్ళో మూడోవంతు దాకా కాలిపోయింది. పిర్నా శివారులో ఉన్న బెలొట్టో ఇల్లు కూడా పోయింది. ఇంట్లో దాచుకున్న సొత్తు, పని సామగ్రి ఇంటితో పాటే నాశనమయ్యాయి. వియన్నా నుంచి మ్యూనిక్ మీదుగా తిరిగి వచ్చినవాడికి, పన్నెండేళ్ళ కిందట తాను రాయి రాయి లెక్కపెట్టి గీసిన ఊరు బూడిదగా ఎదురైంది.

అప్పుడు ఆయన చేసిన పనే నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పనిగా తోస్తుంది. ఆ శిథిలాలను కూడా గీశాడు. తన ఇల్లు పోయిన శివారును గీశాడు. క్రాయిట్స్‌కిర్చ అనే పెద్ద చర్చి గుండ్ల దెబ్బకు కాలిపోగా మిగిలిన గోపురం 1765లో సగం కూలింది. దాన్నీ గీశాడు. నిలువునా చీలిన ఆ గోపురం లోపలి మెట్లు, కమానులు బయటపడి, రాళ్ళ గుట్ట మీద కూలీలు చీమల్లా కనిపిస్తారు. చుట్టూ జనం చూస్తుంటారు. యుద్ధ చిత్రాలంటే అప్పటివరకు రాజులు, గుర్రాలు, కత్తులే. బెలొట్టో చిత్రంలో ఏడుపు లేదు, నాటకం లేదు. బాగున్న మేడను ఏ కొలతతో గీశాడో కూలిన గోపురాన్నీ అదే కొలతతో గీశాడు. అందుకే ఆ చిత్రం చూస్తే గొంతు పట్టేస్తుంది.

1763లో యుద్ధం ముగిసింది. అదే ఏడాది రాజు ఆగస్టస్, ప్రధానమంత్రి బ్రూల్ ఇద్దరూ వారాల తేడాలో పోయారు. కొత్త ప్రభుత్వం ఖజానా ఖాళీ. ఆస్థాన చిత్రకారుడి ఉద్యోగం పోయింది. కొత్తగా పెట్టిన చిత్రకళా అకాడమీలో పర్‌స్పెక్టివ్ పాఠాలు చెప్పే చిన్న ఉద్యోగం దొరికింది. మునుపటి జీతం ముందు అది ఏ మూలకు? పైగా ఉన్నది ఉన్నట్టు గీసేవాణ్ణి గొప్ప చిత్రకారుల వరసలో కూర్చోబెట్టని కాలం అది. ఆ రోజుల్లోనే బెలొట్టో ఒక ఊహా చిత్రం గీశాడు. ఎక్కడా లేని పాలరాతి మండపాల ముందు, వెనిస్ పెద్దమనిషి వేసుకునే ఎర్రని అంగీలో తానే నిలబడి ఉంటాడు. నాకూ ఊహ ఉంది, నేను ఉత్త నకలు గీసేవాణ్ణి కాను అని చెప్పుకున్నట్టు ఉంటుంది.

1766 చివర్లో, నలభై అయిదేళ్ళ వయసులో, కొడుకు లొరెంజోను వెంటబెట్టుకుని మళ్ళీ బయలుదేరాడు. రష్యా మహారాణి కేథరిన్ కొలువులో పని దొరుకుతుందన్న ఆశతో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళాలన్నది ఆలోచన. దారిలో పోలండు రాజధాని వార్సాలో ఆగాడు. అక్కడి కొత్త రాజు స్టానిస్లావ్ ఆగస్ట్ పొన్యటోవ్‌స్కీ ఆయన్ని ముందుకు పోనివ్వలేదు. 1768లో ఆస్థాన చిత్రకారుణ్ణి చేశాడు. మజిలీ అనుకున్న ఊరే ఆయనకు చివరి ఊరయింది.

1770లో లొరెంజో చనిపోయాడు. తండ్రితో కలిసి నగర దృశ్యాలు గీస్తున్న కొడుకు, మూడు పదుల వయసైనా నిండనివాడు. ఆ తర్వాత పదేళ్ళపాటు బెలొట్టో వార్సాను గీస్తూనే ఉన్నాడు. రాజుగారి దర్శనానికి వచ్చిన సెనేటర్లు వేచి ఉండే గది కోసం 22 చిత్రాలు గీశాడు. విస్తులా నది అవతలి నుంచి కనబడే నగరం, రాజమార్గమైన క్రకోవ్‌స్కీ ప్రెడ్‌మీస్చే వీధి, తేనె అనే అర్థం ఉన్న మియోదోవా వీధి అన్నీ వాటిలో ఉన్నాయి. మేడల పక్కనే చెక్క గుడిసెలు ఉన్నాయి. యూదు వర్తకులు, బిచ్చగాళ్ళు, బండ్లు, కుక్కలు, తట్టలు మోసే ఆడవాళ్ళు ఉన్నారు. అప్పటికే పోలండుకు గడ్డుకాలం మొదలైంది. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి దేశంలో కొంత భాగాన్ని పంచుకున్నాయి. రాజు మాత్రం తన రాజధాని వీధులను గీయించుకుంటూనే ఉన్నాడు.

1780 నవంబరులో బెలొట్టో వార్సాలోనే కన్నుమూశాడు. తాను గీసిన మియోదోవా వీధిలోనే ఉన్న కపూచిన్ చర్చిలో ఆయన్ని సమాధి చేశారు. పదిహేనేళ్ళలో పోలండు అనే దేశమే పటం మీద లేకుండా పోయింది.

చిత్రాలకూ స్థిమితం దొరకలేదు. కొన్నింటిని నెపోలియన్ మనుషులు పారిస్ పట్టుకుపోయారు. అవి తిరిగి వచ్చాక, 1830ల్లో రష్యా జారు మొత్తం తీసుకుపోయాడు. పోలండు మళ్ళీ స్వతంత్రమయ్యాక 1920ల్లో ఇంటికి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు ఎత్తుకుపోయారు. యుద్ధం ముగిశాక మళ్ళీ తెచ్చుకున్నారు. తెచ్చుకునేసరికి చిత్రాల్లో ఉన్న నగరం నేల మీద లేదు.

1944 ఆగస్టు 1న వార్సా ప్రజలు నాజీల మీద తిరగబడ్డారు. రెండు నెలలు పోరాడి ఓడిపోయారు. హిట్లర్ నగరాన్ని ఆనవాలు లేకుండా చేయమన్నాడు. సైనికుల దళాలు వీధి వెంట వీధి తగలబెట్టి, మందుపాతరలు పెట్టి పేల్చాయి. పాత నగరంలో నూటికి 85 వంతులకు పైగా నాశనమైంది. బెలొట్టో చిత్రాలకు నిలయమైన రాజభవనాన్ని కూడా పేల్చేశారు.

1945లో జనం తిరిగి వచ్చి, అదే చోట, అదే ఊరు కట్టుకోవాలని పట్టుబట్టారు. దేన్ని చూసి కట్టాలి? మొదటి ఆధారం కొలతల డ్రాయింగులు. యుద్ధానికి ముందు వార్సా పాలిటెక్నిక్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు, అధ్యాపకులు పాత భవనాలను టేపు పట్టి కొలిచి గీశారు. ప్రాణాలకు తెగించి ఆ కాగితాలను వేరే ఊళ్ళో ఒక మఠంలో దాచి కాపాడారు. రెండో ఆధారం ఫొటోలు. మూడోది బెలొట్టో. కిటికీ చుట్టూ ఉన్న నగిషీ, పైకప్పు వాలు, గోడ రంగు, మేడ ముందు విగ్రహాల వరుస వంటివి ఆయన చిత్రాల్లో వెతుక్కున్నారు. 1953 నాటికి పాత నగరపు సంత కూడలి మళ్ళీ లేచింది. 1971లో మొదలుపెట్టి 1984 నాటికి రాజభవనాన్ని కట్టారు. ఈ పాత నగరాన్ని 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

డ్రాఫ్ట్స్‌మన్‌గా ఒక మాట దాచకూడదు. బెలొట్టో బొమ్మలు ప్లాన్లు కావు. అందం కోసం కూడలిని కాస్త వెడల్పు చేశాడు. ఒక్క చోట నిలబడితే కంటికి అందనంత దృశ్యాన్ని ఒకే చిత్రంలో ఇమిడ్చాడు. తిరిగి కట్టినవాళ్ళకు ఇది తెలుసు. కొలతల కాగితాలతో సరిచూసుకున్నారు. అయినా కొన్ని చోట్ల 1939లో నిజంగా ఉన్న ఇంటిని వదిలి, తర్వాతి కాలంలో లేచిన అంతస్తులు తీసేసి, బెలొట్టో నాటి రూపాన్నే ఎంచుకున్నారు. అంటే ఈనాటి వార్సా కొంత వరకు పూర్వపు వార్సా, కొంత వరకు బెలొట్టో చూసిన వార్సా. ఊహాశక్తి లేనివాడని తక్కువ చేయబడిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు ఆ వీధుల్లో, ఆయన చిత్రాల నకళ్ళు ఆయా చోట్లనే నిలబెట్టారు. బొమ్మను, ఎదురుగా ఉన్న మేడను పక్కపక్కన చూసుకోవచ్చు. 22 చిత్రాలూ రాజభవనంలో ఆయన పేరిట ఉన్న గదిలో వేలాడుతున్నాయి. గది పేరు మాత్రం కానలెట్టో గది!

డ్రెస్డెన్ కథ కూడా అలాంటిదే. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో ఫ్రావెన్‌కిర్చ గుమ్మటం కూలిపోయింది. అరవై ఏళ్ళకు, 2005లో, పాత రాళ్ళు ఏరి కలుపుకుని కట్టిన చర్చి తెరుచుకుంది. ఎల్బే గట్టున నిలబడితే 1748 నాటి చిత్రంలోని గుమ్మటం మళ్ళీ ఆకాశంలో కనిపిస్తుంది.

తన బొమ్మలతో ఊరు కడతారని బెలొట్టోకు తెలియదు. ఇంకో రాజుకు నచ్చాలి, జీతం రావాలి, పిల్లలు బతకాలి, ఇదే ఆయన ఆలోచన. పనిని మాత్రం తేలిక చేయలేదు. మూల మీదున్న చిన్న కొట్టుకు కూడా తలుపు, కిటికీ, చూరు సరిగ్గా గీశాడు. ఎవరికీ పట్టని ఆ చూరే తర్వాత పనికొచ్చింది.

మన బడికి వస్తే, పాత పెంకుల వసారా, దాని చెక్క స్తంభాలు, గంట కట్టిన పట్టా ముక్క, ప్రార్థన చేసే అరుగు ఇంకా మిగిలే ఉన్నాయి. కొత్త భవనం రావాలి, వస్తుంది. పిల్లలకు అది అవసరం, అడ్డుపడమని నేను అనను. పని మొదలయ్యేలోగా ఉన్నదాన్ని కొలిచి గీసుకుందాం. మీ ఇళ్ళలో ఉన్న గ్రూప్ ఫొటోల వెనక సంవత్సరం, నిలబడ్డ చోటు రాసి సంఘానికి ఇవ్వండి. స్వర్ణోత్సవం మర్నాడు పొద్దున ఏడింటికి నేను బడి దగ్గర ఉంటాను. వంద అడుగుల టేపు, కాగితాలు, పెన్సిళ్ళు నావి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక నలుగురు రండి.